టమాటా రూపాయిలో రైతుకెంత?

డోన్ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలోని మెట్ట ప్రాంతం. ఇక్కడి వేరుశనగ, కందులకు కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటిస్తుంది (2025-26లో క్వింటాకు రూ.7,263, రూ.8,000). పొరుగునే ఉన్న పత్తికొండ మార్కెట్‌కు చేరే టమాటాకు ఆ రక్షణ లేదు.

మద్దతు ధర సిఫార్సు చేసేది వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ (1965). పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడేది ఖర్చుల లెక్క దగ్గరే. విత్తనం, ఎరువు, కూలి వంటివాటికి రైతు చెల్లించేది ఏ2. ఇంటిల్లిపాది శ్రమకూ విలువ కడితే ఏ2+ఎఫ్ఎల్. సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడిపై వడ్డీ కూడా చేరిస్తే సీ2. ఖర్చుకు ఒకటిన్నర రెట్లు మద్దతు ధర ఇస్తామన్న 2018-19 బడ్జెట్ హామీ అమలైంది ఏ2+ఎఫ్ఎల్ మీద. రైతు సంఘాలు కోరేది సీ2 మీద. ఆ కోరిక న్యాయమైనదే. నిజానికి సీ2లో కూడా అడుగంటుతున్న భూగర్భ జలానికి విలువ కట్టరు.

ఇక మద్దతు ధరే లేని టమాటా సంగతికొస్తే, రిజర్వ్ బ్యాంక్ 2024లో వెలువరించిన పరిశోధన పత్రం ప్రకారం వినియోగదారుడు టమాటాకు పెట్టే రూపాయిలో రైతుకు అందేది సుమారు 33 పైసలు. ఉల్లికి 36, బంగాళాదుంపకు 37. 2018-19లో రూ.500 కోట్లతో ప్రకటించిన ‘ఆపరేషన్ గ్రీన్స్’ పథకం మొదట ఈ మూడు పంటలకే.