కాదంటే కాగితం మీద రాసిమ్మనండి

ప్రశ్న: మాది భోగాపురం మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. తాతల నాటి పెంకుటిల్లు తీసేసి డాబా వేసుకోవాలనుకున్నాం. ఊళ్లో పెద్దలేమో ‘మన ఊళ్లో ఇల్లు కట్టుకోడానికి పర్మిషనేటి, ఇంటిపన్ను రసీదు చాలదేటి?’ అంటున్నారు. గ్రామ సచివాలయంలో అడిగితే ‘ఇటు ఎయిర్‌పోర్టు, అటు సముద్రం, మీకు రాదు’ అని దరఖాస్తు కూడా తీసుకోకుండా పంపేశారు. పైగా పక్కింటివాళ్లు సరిహద్దు తగాదా ఉందని అర్జీ పెట్టారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు దరఖాస్తు పెట్టండి. నోటితో అన్న ‘రాదు’ చట్టం దృష్టిలో తిరస్కరణ కాదు. దాని మీద అప్పీలుకు వెళ్లలేరు, కోర్టులో చూపించలేరు. ఆ మాట అన్న ఉద్యోగి రేపు బదిలీ అయితే అన్నట్టు సాక్ష్యం కూడా మిగలదు. మీ దరఖాస్తుకు ఒక నంబరు పడాలి. కాదనదలిస్తే ఏ నిబంధన కింద కాదంటున్నారో రాసివ్వాలి. ప్లాన్ల మంజూరు ఇప్పుడు ఆన్‌లైన్లో, ఏపీ డీపీఎంఎస్ పోర్టల్ ద్వారా జరుగుతోంది. లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడి చేత, అంటే ఎల్‌టీపీ చేత, ప్లాను గీయించి అందులో పెట్టిస్తే కౌంటర్ దగ్గర ‘తీసుకోం’ అనే మాటకు చోటుండదు. అతని లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో మీరే చూసుకోండి. ఫీజు కట్టిన చలానా, దరఖాస్తు నంబరు మీ దగ్గరే పెట్టుకోండి. అవి ఎల్‌టీపీ ఫోన్లో ఉంటే చాలదు.

ఇక ఊళ్లో పెద్దల మాట. వాళ్ల కాలంలో అలాగే నడిచింది, కాదనను. కానీ 1994 పంచాయతీరాజ్ చట్టంలోని 121వ సెక్షన్ ప్రకారం పంచాయతీ అనుమతి లేనిదే కొత్త కట్టడం లేపకూడదు, ఉన్నదానికి అదనంగా కట్టకూడదు. గ్రామాల్లో లేఅవుట్లకూ ఇళ్లకూ 2002లోనే ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. ఇంటిపన్ను రసీదు పన్ను కట్టినట్టు మాత్రమే చెబుతుంది. అనుమతి లేని ఇంటికీ పన్ను వేస్తారు, కరెంటు మీటరూ ఇచ్చిన రోజులున్నాయి. అవేవీ స్థలం మీద హక్కును ఇవ్వవు, ప్లానుకు అనుమతిని ఇవ్వవు. అయినా మీ పాత రసీదులు పారేయకండి. మీ విషయంలో వాటికి వేరే విలువ ఉంది, అది కింద చెబుతాను.

అనుమతి ఎవరిస్తారన్నది రెండో చిక్కు. భోగాపురం ప్రాంతం విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ, అంటే వీఎంఆర్‌డీఏ పరిధిలో ఉంది. 1978లో పుట్టిన వుడా స్థానంలో 2018లో వచ్చిన సంస్థ ఇది. దీని 2041 మాస్టర్ ప్లాన్‌లో మీ సర్వే నంబరు నివాస జోన్లో ఉందా, వ్యవసాయ జోన్లో ఉందా, ప్రతిపాదిత రోడ్డు కింద పోతోందా అన్నదే అసలు ప్రశ్న. చిన్నపాటి ఇళ్ల దరఖాస్తులను పంచాయతీ చూస్తుంది. పెద్ద కట్టడాలూ లేఅవుట్లూ వీఎంఆర్‌డీఏ దాకా వెళతాయి. స్థలంలో కొంత భాగం రోడ్డు వెడల్పులో పోతుందంటే బెంగపడి ఊరుకోకండి. ఆ ముక్కను గిఫ్ట్ డీడ్‌తో అప్పగించినందుకు బదులుగా టీడీఆర్ (అభివృద్ధి హక్కుల బదిలీ) బాండు గానీ, చుట్టూ వదలాల్సిన ఖాళీల్లో సడలింపు గానీ అడిగే వీలుంది. దాన్ని అడగకుండానే సంతకం పెట్టేస్తున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఎయిర్‌పోర్టు మాటకు వద్దాం. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఈ విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి చుట్టుపక్కల ఏ కాగితం అడిగినా ‘ఎయిర్‌పోర్టు ఏరియా’ అనడం అలవాటైపోయింది. చట్టం అలా అనలేదు. కేంద్ర పౌర విమానయాన శాఖ 2015లో తెచ్చిన నిబంధనలు విమానాశ్రయం చుట్టూ 20 కిలోమీటర్ల మేర కట్టడాల ఎత్తును అదుపు చేస్తాయి. ఇల్లు కట్టడాన్ని మొత్తంగా నిషేధించవు. రంగులతో గీసిన కలర్ కోడెడ్ జోనింగ్ మ్యాప్‌లో ఏ చోట ఎంత ఎత్తు వరకు వెళ్లవచ్చో ఉంటుంది. ఆ ఎత్తులోపు కట్టడాలకు స్థానిక సంస్థే అనుమతి ఇవ్వవచ్చు. ఎర్ర జోన్లో ఉన్నా, ఆ ఎత్తు దాటినా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నుంచి ఎన్ఓసీ తేవాలి. ఒక సంగతి మరిచిపోవద్దు: ఈ ఎత్తు లెక్క మీ వాకిలి నుంచి కాదు, సముద్ర మట్టం నుంచి. మీ నేల ఎత్తు, ఇంటి ఎత్తు, పైన వాటర్ ట్యాంకు, అన్నీ కలిపి చూస్తారు. ఒక అంతస్తు డాబాకు ఇది అడ్డం రావడం అరుదు. అడ్డం వస్తుందంటే మ్యాప్‌లో ఎక్కడో చూపించమనండి.

సముద్రం విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పోటు సమయంలో నీరు చేరే గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల వరకు తీర నియంత్రణ మండలం, అంటే సీఆర్‌జడ్ నిబంధనలు వర్తిస్తాయి. 2011 నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లు కొత్త నిర్మాణాలు కూడని భాగం. కానీ అందులోనే రెండు మినహాయింపులున్నాయి. అనుమతితో ముందు నుంచీ ఉన్న కట్టడాన్ని, పాత ప్లింత్ ఏరియా, పాత అంతస్తుల విస్తీర్ణం మించకుండా బాగుచేసుకోవచ్చు, తిరిగి కట్టుకోవచ్చు. ముక్కాం, చేపలకంచేరు వంటి ఊళ్లలో తరతరాలుగా ఉంటున్న మత్స్యకార కుటుంబాలు 100 నుంచి 200 మీటర్ల మధ్య నివాసం కట్టుకునే అవకాశం కూడా ఉంది, దానికి ప్రభుత్వ ఆమోదం కావాలి. ఇక్కడే మీ పాత రసీదులు పనికొస్తాయి. పెంకుటిల్లు ఎప్పటి నుంచి ఉందో, ఎంత కొలతలో ఉందో చెప్పేవి అవే. ఇల్లు పడగొట్టకముందే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయించండి. గ్రామ సర్వేయర్ చేత కొలతలు రాయించి కాపీ తీసుకోండి. పడగొట్టాక దరఖాస్తు పెడితే అక్కడ ఇల్లు ఉండేదని నిరూపించడం మీ మెడకు చుట్టుకుంటుంది.

తీరం నిబంధనలు పేదవాళ్లకేనా అని నన్ను చాలామంది అడుగుతారు. పక్కనే భీమిలి ఇసుకలో కట్టిన కాంక్రీటు గోడను హైకోర్టు ఆదేశాలతో 2024లో గ్రేటర్ విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కూల్చింది. డబ్బు పెట్టి కట్టింది కదా అని కోర్టు ఊరుకోలేదు. మీ ఇల్లు అలాంటిది కాదని చూపించుకునే మార్గం అనుమతి కాగితమే.

స్థలం కాగితాల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ మండలంలో ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇక్కడే. మీది గ్రామకంఠం అయితే తాతల పేరున రిజిస్టర్డ్ దస్తావేజు ఉండకపోవచ్చు. అంతమాత్రాన అనుభవం లేనట్టు కాదు. వారసుల మధ్య పంపకం కాగితం రిజిస్టర్ చేయించుకుని, పాత పన్ను రికార్డుతో కలిపి పెట్టండి. ప్రభుత్వం అసైన్ చేసిన డి-పట్టా భూమి అయితే కథ వేరు. 1977 అసైన్డ్ భూముల చట్టం అమ్మకాన్నే నిషేధించింది. దానిలో తర్వాత వచ్చిన సవరణలను చూపించి ‘ఇప్పుడు ఫ్రీహోల్డ్ అయిపోయింది’ అని అమ్మేవాళ్లు విమానాశ్రయం పేరు చెప్పుకుని తిరుగుతున్నారు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద ఉన్న నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందో లేదో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. మీభూమి పోర్టల్లో అడంగల్, 1-బి చూడండి, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి.

జాతీయ రహదారికి ఇరువైపులా రంగు రాళ్లు పాతిన లేఅవుట్లలో ప్లాటు కొన్నవారికీ ఒక మాట. రిజిస్ట్రేషన్ అయిందంటే లేఅవుట్‌కు అనుమతి ఉన్నట్టు కాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు దస్తావేజును నమోదు చేస్తుంది, రోడ్లూ ఖాళీ స్థలమూ వదిలారో లేదో చూడదు. లేఅవుట్ మంజూరు నంబరు అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన భూమిలో వేసి అమ్మే వెంచరుకు రెరా నంబరు కూడా ఉండాలి. 2025లో ప్రకటించిన లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్ఆర్ఎస్) ఆ ఏడాది జూన్ 30కి ముందున్న వాటికే. ‘తర్వాత రెగ్యులరైజ్ చేయిస్తాం’ అనే మాట మీద లక్షలు పోయకండి. వ్యవసాయ భూమి మార్పిడికి కట్టే రుసుము లెక్క కూడా మారింది. 2006 నాటి నాలా చట్టాన్ని తీసేసే పనిని ప్రభుత్వం 2025లో చేపట్టింది కాబట్టి అంతకుముందు పక్కవాళ్లు కట్టిన లెక్క చూసి డబ్బు ఇవ్వకండి, చలానా చూసి ఇవ్వండి.

పక్కింటివారి అర్జీ సంగతి. మీ దగ్గర స్వాధీనం, ప్రాథమికంగా హక్కు చూపే కాగితాలు ఉంటే వాళ్లు అర్జీ పెట్టినంత మాత్రాన ప్లాను ఆపకూడదు. అనుమతి ఇచ్చే అధికారి పైపైన హక్కు ఉందా లేదా చూడాలే తప్ప, సివిల్ కోర్టులా యాజమాన్యం తేల్చే పని పెట్టుకోకూడదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2001లో హైదరాబాద్ పోటరీస్ కేసులో చెప్పింది. వాళ్లు కోర్టు నుంచి స్టే తెస్తే అప్పుడు ఆగాలి. అదే తూకం మీకూ వర్తిస్తుంది: అనుమతి వచ్చిందని చూపి ఆ సరిహద్దు మీదే అనలేరు. సర్వేయర్‌ను పిలిచి, వాళ్ల ఎదుటే కొలిపించి, ఇరువురి సంతకాలు తీసుకుంటే సగం తగాదా అక్కడే తీరుతుంది.

దరఖాస్తు పెట్టాక కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం వాడండి. ‘నా ఫైలు నంబరు ఫలానా, ఎవరి దగ్గర ఎన్ని రోజులుగా ఉంది, అభ్యంతరం ఏమిటి, కాపీ ఇవ్వండి’ అని అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో దీనికి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పై స్థాయిలో 10. జవాబుకు 30 రోజులు. సోమవారం విజయనగరం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే రసీదు ఇస్తారు. రాతపూర్వక తిరస్కరణ చేతికి వస్తే, అది చట్టానికి విరుద్ధమైతే హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు. రాతలో ఇవ్వమని మొదట్నుంచీ పట్టుబట్టమన్నది ఇందుకే.

అనుమతి లేకుండా మొదలుపెట్టి, నోటీసు చేతిలో పట్టుకున్నవారు కూడా భయపడి ఎవరికో డబ్బు ఇవ్వకండి. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: కూల్చేముందు యజమానికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వాలి, కట్టడం మీద అంటించాలి, జవాబుకు 15 రోజులు ఇవ్వాలి, స్వయంగా వినాలి, తుది ఉత్తర్వు తర్వాత మళ్లీ 15 రోజులు ఆగాలి. రోడ్డు, చెరువు, కాలువ వంటి ప్రజా స్థలం మీద కడితే ఈ రక్షణ లేదు. అదే కోర్టు డిసెంబర్ 17న మరో తీర్పులో, అనుమతి లేని కట్టడాలకు కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వవద్దని, నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం చూడకుండా కట్టడం తాకట్టు మీద బ్యాంకులు అప్పు ఇవ్వవద్దని ఆదేశించింది. ఆమోదించిన ప్లాన్ నిర్మాణం జరుగుతున్నంత కాలం స్థలంలో కనబడేలా పెట్టాలని కూడా అంది. పని మొదలుపెట్టే రోజే ఆ కాపీని లామినేట్ చేయించి అక్కడ కట్టేయండి.

లాయరుకు ఫీజు ఇచ్చుకోలేమనుకుంటే విజయనగరంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, విపత్తుల్లో నష్టపోయినవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తారు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. వెళ్లేటప్పుడు దరఖాస్తు నంబరు, చలానా, పాత రసీదులు, ఇంటి ఫొటోలు తీసుకెళ్లండి.