సంపాదన కోసం కొన్నా మీరు వినియోగదారుడే

ప్రశ్న: మాది తెనాలి. పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్, వీడియో ఎడిటింగ్ మీదే ఇల్లు గడుస్తోంది. నాలుగు నెలల కిందట విజయవాడలో ఒక దుకాణంలో గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కొన్నాను. కార్డు సీరియల్ నంబరు కొట్టి చూస్తే వారంటీ ఏడాదిన్నర కిందటే మొదలైనట్టు చూపిస్తోంది. మానిటర్‌కు వాట్సాప్‌లో పంపిన కొటేషన్‌లో ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ అని రాశారు. కంపెనీ వివరాల్లో మాత్రం ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంది. అడిగితే, ‘వ్యాపారానికి కొన్నావు, వినియోగదారుల కోర్టు నీకు వర్తించదు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని బిల్లు మీదే ఉందిగా’ అంటున్నారు. నాకు దారేమిటి?

జవాబు: దుకాణదారు చెప్పిన రెండు మాటలూ చట్టం ముందు నిలవడం కష్టం.

మొదటిది, ‘వ్యాపారానికి కొన్నావు’ అనడం. వినియోగదారుల రక్షణ చట్టం-2019లోని సెక్షన్ 2(7) ప్రకారం వాణిజ్య అవసరానికి కొన్నవారు వినియోగదారులు కారన్నది నిజమే. కానీ స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే కొని, స్వయంగా వాడుకునేవారికి అదే సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు పాత చట్టంలోని ఇలాంటి మినహాయింపునే వివరిస్తూ, నలుగురికీ టైపు చేసిపెట్టి బతకడానికి టైప్‌రైటర్ కొనుక్కున్నవాడూ వినియోగదారుడేనంది. సాయానికి ఒకరిద్దరు ఉన్నంత మాత్రాన ఆ హోదా పోదనీ చెప్పింది. మీ ఎడిటింగ్ కంప్యూటరూ అలాంటిదే. అయితే పదిమంది జీతగాళ్లతో స్టూడియో నడుపుతుంటే ఈ వాదన బలహీనపడుతుంది. కనుక ఇదే మీ జీవనాధారమని, మీరే కూర్చుని పనిచేస్తారని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

రెండోది, ‘వాపసు తీసుకోబడదు’ అనే ముద్ర. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. వాడిన సరుకును కొత్తదని అమ్మడమూ, సరుకు నాణ్యత గురించి అబద్ధం చెప్పడమూ అదే సెక్షన్ కిందికి వస్తాయి. బిల్లు మీద ఒక ముద్ర కొట్టినంత మాత్రాన ఆ బాధ్యత తప్పదు.

ఇక మీ చేతిలో ఉన్న ఆధారాల సంగతి. రెండు వస్తువుల్లో మానిటర్ విషయంలో మీ పక్షం గట్టిగా ఉంది. ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధి దాదాపు 72 శాతం ఎన్‌టీఎస్‌సీతో సమానం. 45 శాతం అంటే చెప్పినదానికంటే బాగా తక్కువ. రాతలోని మాట, కంపెనీ వివరాలు పక్కపక్కన పెడితే చాలు. కానీ ‘ప్రింటులో ఎరుపు వేరుగా వస్తోంది’ అన్న ఒక్క ఫిర్యాదుతో వెళ్లకండి. క్యాలిబ్రేషన్ చేయని మంచి మానిటర్‌లోనూ ఆ తేడా వస్తుంది.

కార్డు విషయంలో కాస్త ఆగాలి. వారంటీ ముందే మొదలైందంటే వాడిన కార్డేనని తేలిపోదు. కంపెనీ నుంచి డీలరుకు చేరిన తేదీని లెక్కలోకి తీసుకుని ఉండొచ్చు. ఆ సీరియల్ నంబరు ఇంతకుముందు ఎవరి పేరునైనా నమోదైందా, సర్వీసుకు వచ్చిందా అని కంపెనీకి ఈమెయిల్ పంపి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. పరీక్ష లేకుండా తేలని లోపమైతే వస్తువును ల్యాబ్‌కు పంపే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది.

ముందు దుకాణానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే కొన్నిసార్లు కేసు దాకా వెళ్లకుండానే తేలిపోతుంది. తేలకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. కొన్నవారు నివసించే చోట వేసే వీలు 2019 చట్టం ఇచ్చింది కాబట్టి విజయవాడ తిరగనక్కర్లేదు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లే గడువు. వస్తువు మార్పిడి, డబ్బు వాపసు, నష్టపరిహారం, ఖర్చులు అన్నీ కోరవచ్చు. అప్పటిదాకా వాట్సాప్ సంభాషణ తుడిచేయకండి, పెట్టెలు పారేయకండి.

కొనబోయేవారికి ఒక మాట. ఒకే పేరుతో వేర్వేరు మెమరీ ఉన్న కార్డులు అమ్ముతున్నారు. ఆర్‌టీఎక్స్ 3060 కార్డులో 8 జీబీదీ ఉంది, 12 జీబీదీ ఉంది. ఆర్‌టీఎక్స్ 4060 టీఐలో 8, 16 జీబీలు ఉన్నాయి. బిల్లు మీద ‘గ్రాఫిక్స్ కార్డు-1’ అని రాస్తే ఏది అమ్మారో రేపు మీరు రుజువు చేయలేరు. పూర్తి మోడల్ నంబరు, మెమరీ, సీరియల్ నంబరు రాయించండి. మానిటర్‌కు రంగుల శాతం, ఎన్ని పిక్సెళ్లు చచ్చిపోతే మారుస్తారన్న షరతు రాతలో అడగండి. చాలా కంపెనీలు ఒకటి రెండు పిక్సెళ్లను లోపంగా లెక్కించవు. ఇది ఫలానా పనికి అని కొటేషన్‌లోనే రాయిస్తే, ఆ పనికి పనికిరాని వస్తువు అంటగట్టినప్పుడు ఆ కాగితమే మీ తరఫు సాక్ష్యం. బిల్లు ఇవ్వనంటే అదీ అనుచిత వ్యాపార పద్ధతే. ఆ దుకాణంలో కొనకండి.