సైకిల్ స్టాండు వేశాక

నేను తీసిన ఫొటోల్లో అందరూ మెచ్చుకున్నది ఒకటుంది. ఎవరికైనా చూపించాలంటే సిగ్గేసేదీ అదే. కోరుట్లలో ఒక సందు. వాకిట్లో గోడకు ఆనుకుని ఒక అవ్వ కూర్చుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. పొద్దుటి ఎండ వేపాకుల్లోంచి జల్లెడ పట్టినట్టు ఆమె చేతుల మీద రాలుతోంది. నేను రోడ్డు మీద నుంచే జూమ్ చేసి రెండు నొక్కులు నొక్కాను. మూడోది నొక్కేలోపే ఆమె చూసింది. ఒక్క మాట అనలేదు, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. మామిడితోటలో దొరికిపోయిన పిల్లాడిలా సైకిలెక్కి వచ్చేశాను.

ఇంటికొచ్చి చూసుకుంటే వెలుగు బ్రహ్మాండంగా కుదిరింది. స్నేహితులు భుజం తట్టారు. ఒకడు మాత్రం అడిగాడు, "ఆమె పేరేంది?" అని. నా దగ్గర జవాబు లేదు.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు బెరుకు పోవాలంటే అద్దం ముందు నిలబడి మాట్లాడమంటాయి. నేనూ మాట్లాడాను. అద్దంలోవాడు ఎదురు చెప్పడు కాబట్టి ఇబ్బందేమీ రాలేదు. తీరా ఆ సందులో నిజం మనిషి ఎదురైతే, పది అడుగులు వేసి "అవ్వా, ఒక ఫొటో తీసుకోనా?" అనడానికి నోరు పెగల్లేదు. కెమెరా నాకు ధైర్యం ఇవ్వలేదు సరికదా, ఉన్న పిరికితనాన్ని దాచిపెట్టింది. జూమ్ లెన్సు కొనుక్కున్నది దూరాన ఉన్నవాటిని దగ్గరగా చూడటానికి అనుకున్నాను. దూరంగా ఉండిపోవడానికే వాడుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లు కెమెరా పెట్టెలోనే ఉంది. మళ్లీ తీసినప్పుడు నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. దగ్గరికి వెళ్లాలి, అడగాలి, తీసింది తెచ్చి ఇవ్వాలి. ఈ మూడింటిలో ఫొటోగ్రఫీ ఏమీ లేదు కదా అంటే, నిజమే. బటన్ నొక్కే క్షణం చాలా చిన్నది, ఈ రోజుల్లో ఫోను కూడా దాన్ని బాగానే చూసుకుంటుంది. మనిషికి ఏమైనా నేర్పేదుంటే అది నొక్కక ముందూ నొక్కిన తర్వాతా ఉంది.

కోరుట్ల పేరు ఫొటోగ్రఫీలో కొత్తదేం కాదు. 1939లో ఇక్కడ పుట్టిన బండి రాజన్ బాబు హైదరాబాద్ చేరి పిక్టోరియల్ ఫొటోగ్రఫీలో పెద్ద పేరు తెచ్చుకున్నారు. గిరిజనుల జీవితాన్ని తీశారు, ఎందరికో ఈ విద్య నేర్పారు, 2011లో కన్నుమూశారు. వరంగల్ వైపు నుంచి వచ్చిన భరత్ భూషణ్ 2022 జనవరిలో పోయేదాకా తెలంగాణ పల్లె వాకిళ్లనూ, తలుపులనూ, బతుకమ్మలనూ తీస్తూనే ఉన్నారు. ఆయన ఫొటోల్లోని ఆడవాళ్లు కెమెరాను చూసి బిగుసుకుపోయినట్టు నాకెప్పుడూ అనిపించలేదు. అది లెన్సు గొప్పతనమని ఎవరైనా అంటే నేను నమ్మను. ఆ వాకిట్లో ఆయన ఎంతసేపు కూర్చున్నారన్నదే అసలు సంగతి అయి ఉంటుంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని లంబాడిపల్లె. శ్రీకాంత్ శ్రీరాం 2012లో మొదలుపెట్టిన 'మై విలేజ్ షో' ఆ ఊరి మాటను, తిండిని, పొలం పనులను, అత్తాకోడళ్ల తగవులను కెమెరాలోకి తెచ్చింది. బీడీలు చుట్టి, కూలికి పోయి బతికిన గంగవ్వ ఆ వీడియోలతోనే రెండు రాష్ట్రాల్లో ఇంటింటి మనిషైంది. ఆమె కెమెరా కోసం యాస మార్చుకోలేదు. తీసినవాళ్లూ మార్చుకోమనలేదు. మన ఊళ్లో తీయడానికి ఏముంది అని నిట్టూర్చే కుర్రాళ్లకు నేను ఈ ఊరి పేరే చెబుతాను. జగిత్యాలకు వచ్చిన ప్రతి కెమెరా 1747 నాటి కోటనే తీస్తుంది. నక్షత్రం ఆకారంలో ఉన్న కోట, తియ్యాల్సిందే. కానీ అది ఎటూ పోదు. ఆ దారిలో చాయ్ పోసే మనిషి చెయ్యెత్తి పైనుంచి కిందికి పోసే తీరు మాత్రం ఆయనతోనే పోతుంది.

సైకిల్ సంగతికి వస్తాను. జగిత్యాల నుంచి కోరుట్లకు 63వ నంబరు జాతీయ రహదారి మీద పాతిక కిలోమీటర్లు, అటూ ఇటూగా. బైకు మీద ఆ దారిని వందసార్లు పోయినా నాకు గుర్తున్నవి స్పీడు బ్రేకర్లే. సైకిల్ మీద మొదటిసారి పోయినప్పుడు ఆ దారికి వాసనలున్నాయని తెలిసింది. ఎండాకాలం చల్‌గల్ మార్కెట్ దగ్గర మామిడి. చలి తగ్గే రోజుల్లో చేలల్లో పసుపు కొమ్ములు ఉడుకుతుంటే వచ్చే మట్టి ఘాటు. వానాకాలం పంట కోశాక రోడ్డు పక్కన ఆరబోసిన వడ్లు, వాటిని కాళ్లతో తిరగేస్తూ నడిచే ఆడవాళ్లు, ఆ వెనకే వడ్ల మీద గీతలు గీతలుగా మిగిలే పాదాల జాడలు. ఈ గీతలను బస్సు కిటికీలోంచి ఎవరూ చూసి ఉండరు.

సైకిల్‌తో ఇంకో లాభం ఉంది. కారులోంచి దిగి కెమెరా పట్టుకున్నవాడు సర్వేకు వచ్చిన ఆఫీసరులా కనిపిస్తాడు. సైకిల్ తొక్కి చెమటతో దిగినవాణ్ని చూస్తే జనానికి జాలేస్తుంది. "గింత ఎండల సైకిలేంది బిడ్డా, జర కూసో, నీళ్లు తాగు" అని వాళ్లే మొదలుపెడతారు. నేను నానా తంటాలు పడి నేర్చుకోవాలనుకున్న మాట కలపడం అనే విద్యను సగం వాళ్లే చేసిపెట్టేస్తారు. ఒకసారి మేడిపల్లి దగ్గర పంక్చరైంది. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తున్న ఆ దుకాణం కాక ముఖం, నీళ్లలో దాని నీడ, ఆ రోజు మొత్తానికి మంచి ఫొటో అదొక్కటే. పంక్చర్ కాకపోతే అదీ లేదు.

న్యూయార్క్‌లో బిల్ కన్నింగ్‌హామ్ అనే ఆయన ఉండేవాడు. న్యూయార్క్ టైమ్స్ పత్రిక కోసం దశాబ్దాల పాటు సైకిల్ మీదే తిరుగుతూ రోడ్డున పోయేవాళ్ల బట్టలను ఫొటోలు తీశాడు. వేసుకునేది ఒకే రకం నీలిరంగు పనివాళ్ల కోటు. పెద్దపెద్ద విందులకు ఫొటోలు తీయడానికి వెళ్లినా అక్కడ తిండి ముట్టేవాడు కాదట. 2016లో ఎనభై ఏడేళ్ల వయసులో పోయాడు. ఆ నియమం ఆయనకు సరిపోయిందేమో గానీ మన దగ్గర చెల్లదు. ఇక్కడ పెట్టింది తినకపోతే ఫొటో సంగతి అటుంచి, మనిషినే లెక్కలోంచి తీసేస్తారు.

తిండిని ఫొటో తీయడమంటే ఇప్పుడు ప్లేటు ముందుకు రాగానే అందరి చేతులూ ఆపి ఫోను పైకెత్తడం అయింది. నాకు ప్లేటు మీద ఆసక్తి పోయింది. సంక్రాంతి ముందు సకినాలు చేసే ఇంటికి వెళ్లి చూడండి. నానబెట్టి దంచిన తడి బియ్యప్పిండి, అందులో నువ్వులు, వాము. నేల మీద పరిచిన తెల్లటి బట్ట. చుట్టూ ఇరుగమ్మ, పొరుగమ్మ, పుట్టింటికొచ్చిన బిడ్డ, ఆమెతో వచ్చిన వదినె. వేళ్ల సందున పిండిని మెలితిప్పుతూ వలయం మీద వలయం వేసుకుంటూ పోతారు. నోరు ఊరి ముచ్చట్లలో ఉంటుంది, చెయ్యి లెక్క తప్పదు. మొదటిసారి నేను తలుపు దగ్గర నిలబడి తీశాను. అందరూ ముడుచుకుని కూర్చున్నారు, పేరంటం ఫొటోలా వచ్చింది. రెండోసారి కెమెరా గూట్లో పెట్టి నేనూ పిండి పట్టుకున్నాను. నేను చుట్టింది సకినం కాలేదు, వానపాములా పాకింది. ఆ ఇంటి పెద్దమ్మ దాన్ని పక్కకు పెట్టి, "ఇది నీకే ఏంచి పెడ్త, నువ్వే తినాలె" అంది. అందరూ నవ్వారు. ఆ తర్వాత కెమెరా తీస్తే ఎవరూ తలెత్తి చూడలేదు. నేను చేసిన సాంకేతికమైన పని ఒక్కటే, ట్యూబులైటు ఆర్పమని బతిమాలి తలుపులోంచి వచ్చే ఎండను రానిచ్చాను. పిండి గరుకుదనం, వేళ్ల ముడతలు ఆ పక్క వెలుగులో వాటంతట అవే లేచి నిలబడ్డాయి.

ఎదుటివాడి పనిలో మన చేతకానితనం బయటపెట్టుకోవడం కన్నా తొందరగా స్నేహం కలిపేది నాకు ఇంకోటి దొరకలేదు. ఇంటర్వ్యూలకు తయారయ్యే పిల్లలకు మనం ఎప్పుడూ చెప్పేది దీనికి సరిగ్గా ఉల్టా. తెలియనిది తెలిసినట్టు కనపడమంటాం.

ఆ సకినాలు చాలావరకు ఆ ఇంట్లో ఉండవు. డబ్బాల్లో సర్దుకుని దుబాయికో మస్కట్‌కో పోతాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫ్‌లో మనిషి లేని వాడకట్టు వెతకాలి. నేను ఆ రోజు తీసిన చేతుల ఫొటోను ఆ ఇంటి బిడ్డ తన పెనిమిటికి పంపింది. అక్కడి నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది, "అత్తమ్మ చేతికి గాజులు మారినయేంది?" అని. నేను వెలుగు చూశాను, నీడ చూశాను. గాజులు చూడలేదు.

సిరిసిల్లలో కథ వేరు. అక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు. సాంచెల షెడ్డులో అడుగు పెడితే చప్పుడుకు మాట వినపడదు. చేతి సైగలే మాట. మగ్గం యజమాని ఆసామిని ముందు బయట చాయ్ దగ్గర కలిసి అడగాలి, లోపల అడిగితే అర్థం కాదు. ట్యూబులైట్ల కింద షట్టర్ వేగం ఎక్కువ పెడితే ఫొటో మీద నల్ల పట్టీలు పడతాయి. మన కరెంటు లైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి కాబట్టి సెకనులో యాభయ్యో వంతు దగ్గర పెట్టుకోవాలి. అలా పెట్టినప్పుడు నాడె గీతలా సాగిపోతుంది, నిలబడి పోగు అతికే మనిషి మాత్రం స్పష్టంగా నిలుస్తాడు. లెన్సు మీద పేరుకున్న దుమ్మును తుడుచుకుంటూ ఉండాలి. నేను లెన్సు తుడుచుకున్నాను, ఆయన ఊపిరితిత్తులను ఎవరు తుడుస్తారు అన్న ఆలోచన అక్కడే వచ్చింది.

ఈ ఊరికి కెమెరాలు ఎక్కువగా రెండు పనుల మీదే వచ్చాయి. ఒకటి, అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు లాంటి అద్భుతం కోసం. రెండోది, నేతన్నల ఆత్మహత్యలతో ఊరికి ఉరిసిల్ల అని పేరు పడిన రోజుల్లో, గోడ మీది దండ వేసిన ఫొటోల కోసం. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరలు ఇక్కడ నేయించడం మొదలుపెట్టాక రంగుల తానులతో కొన్ని ఫొటోలు వచ్చాయి. అద్భుతానికీ చావుకూ మధ్య ఒక మనిషి రోజూ షిఫ్టు మధ్యలో టిఫిన్ డబ్బా మూత తీసి, పచ్చిపులుసు అన్నంలో కలుపుకుని, ఒక కన్ను సాంచె మీద పెట్టి తింటాడు. ఆ ఫొటో ఏ పేపర్లోనూ రాదు, అందులో వార్త లేదు కాబట్టి. వార్త లేని మనిషిని చూడటం ఎలాగో నేర్చుకోవాలంటే సిరిసిల్లలో వారం రోజులుంటే చాలు. ఆఫీసులో మన పక్క కుర్చీలో పదేళ్లుగా కూర్చున్నవాడు కూడా ఆ లెక్కన కొత్తగా కనిపిస్తాడు.

పండుగలకు నా సలహా చిన్నది. ముందురోజు వెళ్లండి. బతుకమ్మ ఆడేది ఆడవాళ్లు. మగవాడు కెమెరాతో ఆ వలయంలోకి చొరబడటం మర్యాద కాదు, డ్రోను ఎగరేయడం ఇంకా అన్యాయం. కానీ తెల్లారకముందే గుట్టల వెంట, చేల గట్ల వెంట తంగేడు, గునుగు కోసుకొచ్చేది చాలా ఇళ్లలో మగపిల్లలే. ఆ పువ్వు మూటలు సైకిల్ వెనక కట్టుకొచ్చేవాళ్లలో నేనూ కలిశాను. గునుగుకు రంగులద్దే బకెట్ల దగ్గర, పేర్చే తాంబాళం పక్కన కూర్చోనిచ్చారు. పువ్వులు మోసినవాడికి ఆ హక్కు ఉంటుంది. మన దగ్గర ఇంకో సౌకర్యం ఉంది. చాలాచోట్ల తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ అయితే, వేములవాడలో ఏడో రోజే. మూలవాగు దగ్గర ఒకసారి తప్పులు చేసి, రెండు రోజుల తర్వాత సిరిసిల్లలో దిద్దుకోవచ్చు.

కోరుట్ల అవ్వ దగ్గరికి తిరిగి వెళ్లడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. దొంగతనంగా తీసిన ఫొటోనే ప్రింటు వేయించి పట్టుకెళ్లాను. సైకిల్ స్టాండు వేసి, పది అడుగులు నడిచి, ఎదురుగా నేల మీద కూర్చున్నాను. అడగకుండా తీశానని చెప్పాను. ఆమె చాట పక్కకు జరిపి, చేతులు చీరకు తుడుచుకుని ఫొటో తీసుకుంది. దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. ముఖం గురించి ఒక్క మాట లేదు. వెలుగు గురించి అసలే లేదు.

"చాట మంచిగ వడ్డది. కత్తెర సగమే వడ్డదేంది? దారపుండ వడనే లేదు. దారం లేకుంట బీడీ ఎట్లయితది బిడ్డా?"

పక్కనున్న దారపుండ తీసి చాటలో పెట్టింది. కత్తెర సర్దింది. కొంగు సవరించుకుని, నా వైపు తిరిగి కూర్చుంది.

"ఊఁ, ఇగ తియ్యి."