మన దారుల మర్యాద

హుజూర్‌నగర్

చిరంజీవి మేనల్లునకు మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. సంక్రాంతికి వచ్చుచున్నావనియు, శంషాబాదులో విమానము దిగి నీవే కారు నడుపుకొనుచు ఇంటికి వత్తుననియు వ్రాసితివి. డాలసులో ఇన్నేండ్లు ఒక్క జరిమానాయైన లేక నడిపిన నీ నేర్పును నేను శంకింపను. కాని ఆ నేర్పు ఆ దేశపు దారులకు తగినట్లు ఏర్పడినదనియు, ఇచటి దారులకు వేఱొక మర్యాద కలదనియు ముందుగా చెప్పుట నా విధి.

అచట కుడివైపున నడుపుదురు, ఇచట ఎడమవైపున. బండ్లు క్రిక్కిరిసిన చోట ఈ మార్పు వలన భయము లేదు. ముందువాని వెంట పోవుదువు. తెల్లవారుజామున పెట్రోలు బంకునుండి నిర్జనమైన రోడ్డుమీదికి మఱలునప్పుడు, చూచి అనుసరించుటకు బండి యొక్కటియు లేనప్పుడు, చేతులు పాత అలవాటు చొప్పున కుడివైపునకే లాగును. అట్టి తావుల నోరు విప్పి “ఎడమ, ఎడమ” అని చెప్పుకొనుము.

సంకేతములును వేఱే. మీ టెక్సాసులో నాలుగువైపులను ఆగుమను పలకలున్న కూడలియందు ముందు వచ్చినవాడు ముందు పోవును. ఇచట ఆ వరుస లేదు. ఇంగ్లండులో ఎదుటివాడు లైట్లు తళుక్కుమనిపించిన, తఱచుగా “నీవు పొమ్ము” అని భావము; మన లారీ డ్రైవరు డిప్పర్ కొట్టిన, “నేను వచ్చుచున్నాను, నీ వాగుము” అని భావము. ముందు పోవు లారీ కుడి ఇండికేటరు వెలిగించినచో అది కుడికి తిరుగుటకో, నీకు దారి యిచ్చుటకో తెలియదు. దానిని నమ్మి దాటకుము. ఎదుటి దారి నీ కన్నులకు స్పష్టముగా కనబడిన పిదపనే దాటుము.

158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీద నీకు పరాయితనము తోచదు. పెద్ద అంబర్‌పేట వద్ద దిగి, మేము తొమ్మిదవ నంబరని పిలిచిన నేటి 65వ జాతీయ రహదారి నెక్కిన పిదప, పండుగకు ఆంధ్రకు పోవు కార్లు పంతంగి, కొర్లపహాడు టోల్‌గేట్ల వద్ద బారులు తీరును. ఉదయపు మంచునందు తొందరపడకుము.

అసలు పరీక్ష కోదాడలో కుడికి తిరిగిన పిదపనే. మేళ్లచెరువు, మఠంపల్లి సిమెంటు లారీలు, మిర్యాలగూడ మిల్లుల ధాన్యపు బండ్లు, కాలువ నీటితో యాసంగి దమ్ములు సాగు వేళ ఒక మడినుండి మఱొక మడికి పోవు ట్రాక్టర్లు, అన్నింటికిని ఆ రోడ్డే గతి. కేజ్ వీల్స్ అను ఇనుప చక్రములతో ఎక్కిన ట్రాక్టరు తారును చీల్చి పోవును. మట్టి పెళ్లలు జారుడుగా పడియుండును. వరికోతలైన పిదప రోడ్డుమీద ఆరబోసిన వడ్లు ఎత్తుకొనిపోయి, కాపుగా పెట్టిన రాళ్లను అచటనే విడిచిపోవుటయు కలదు. ప్రొద్దుగ్రుంకిన పిదప వెనుక దీపము లేని ట్రాలీ దగ్గఱకు వచ్చువఱకు కనబడదు. నీ దీపకాంతి పాఱునంత దూరములో ఆపగల వేగమునకు మించి పోకుము.

ఆ రైతులను నియమ మెఱుగని మూఢులని నిందింపకుము. ఆ రోడ్డు నేడు జాతీయ రహదారియైనను వారి పొలములకు అదియే బాట, వేఱు బాట లేదు. ఐనను కొద్దిపాటి ఖర్చుతో ట్రాలీ వెనుక రేడియం స్టిక్కరైన అంటింపని వానిని నేను సమర్థింపను. మన బంధువులలో కనబడిన వారందఱితోను ఈ మాట గట్టిగానే చెప్పుచున్నాను.

దేవరకొండ మీదుగా శ్రీశైలము పోదలచితివేని, గొఱ్ఱెలమంద అడ్డువచ్చినచో హారను మ్రోగింపకుము. సగము మంద దాటినదని నడుమ దూరకుము; మిగిలినవి ముందువాని వెంట పరుగెత్తుకొని వచ్చును. నల్లమలలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 గంటలకు మూసి ఉదయము 6 గంటలకు తెఱతురు. వన్యమృగముల కొఱకైన ఆ కట్టడిని గౌరవించి పగలే బయలుదేఱుము.

నాయనా, దినమంతయు విమానములో కూర్చుండి దిగినంతనే స్టీరింగు పట్టకుము. ఆ రాత్రి హైదరాబాదులో నిద్రించి, మఱునాడు ఇచటి డ్రైవరును పెట్టుకొని వానిప్రక్కన కూర్చుండి రమ్ము. రెండు దినములు వాడు నడుపు తీరు చూచి, పిమ్మట నీవు నడుపుము.