పడిశమునకును ఉబ్బసమునకును గల సంబంధము

విశాఖపట్టణమందలి సీతమ్మధార రైతుబజారునకు కూరగాయలు తెచ్చు సోదరులలో ఏండ్ల తరబడి తుమ్ములతోను ముక్కుదిబ్బడతోను బాధపడువారిని మేము చూచుచున్నాము. పడిశమే గదా యని వారు ఉపేక్షింతురు. అది తగదు.

ముక్కు మొదలు ఊపిరితిత్తుల వఱకు గాలి పోవు త్రోవ యొక్కటియే. ముక్కు గాలిని వడకట్టి, వెచ్చజేసి, తేమగూర్చి లోనికంపును. అది వాచి మూసికొన్నచో నోటితో పీల్చవలసివచ్చును. దుమ్ముతో గూడిన పొడిగాలి నేరుగా లోనికి బోవును. ముక్కున రేగిన వాపు రక్తము ద్వారా క్రింది గొట్టములను గూడ రేపును. ప్రపంచారోగ్యసంస్థ సహకారముతో నిపుణులు 2001లో వెలువరించిన నివేదిక యీ సంబంధమునే చాటినది. ఉబ్బసరోగులలో పెక్కుమందికి ముక్కువ్యాధియు గలదు. అయితే పడిశము గలవారందఱికిని ఉబ్బసము రాదు.

కర్షకులు చేయదగిన పనులు:

1. నూర్పిడియందును, బూజుపట్టిన గడ్డిని కదల్చునప్పుడును ముక్కును నోటిని గుడ్డతో కప్పుకొనవలెను. గడ్డిని బాగుగ ఎండిన పిదపనే వామి వేయవలెను.

2. వయ్యారిభామ పుప్పొడి ముక్కునకు శత్రువు. పూతకు ముందే, చేతులకు తొడుగులు వేసికొని, దానిని పెఱికివేయవలెను.

3. కాచి చల్లార్చిన పావులీటరు నీట అరచెంచా ఉప్పు కలిపి ముక్కు కడుగుకొనవచ్చును.

4. ముక్కులో కండ పెరిగిన ఉబ్బసరోగులలో కొందఱికి ఆస్పిరిను మాత్ర ప్రాణాపాయకరము. ఫ్రాన్సు వైద్యుడు విడాల్ 1922లోనే దీనిని వర్ణించెను. కావున అట్టివారు తలనొప్పికి దుకాణపు మాత్ర మ్రింగరాదు.

5. పిల్లికూతలు, రాత్రిదగ్గు కనబడినచో వైద్యునికి ముక్కుసంగతియు చెప్పవలెను. పీల్చుమందు అలవాటుపడునను భయము వలదు. తగ్గినదని తమంతట మానరాదు.

మాటాడలేనంత ఆయాసము వచ్చినచో తెల్లవాఱు వఱకు వేచియుండక తక్షణమే ఆసుపత్రికి పోవలెను.