ఒక ఫిల్మ్, ఒక డెవలపర్, నాలుగు రోల్స్



బీరువాలో పడి ఉన్న పాత ఫిల్మ్ కెమెరా మీ అబ్బాయికో అమ్మాయికో దొరికిందనుకోండి. మర్నాటి నుంచే ప్రశ్నలు మొదలవుతాయి. బ్లాక్ అండ్ వైట్‌లో ఏ ఫిల్మ్ కొనాలి? ఏ డెవలపర్‌లో కడగాలి? పేర్లు చాలా ఉన్నాయి, పిల్లలకు అన్నీ చూడాలనే ఉంటుంది. మీరు మాత్రం ఒక్క జతను ఎంచుకుని, నాలుగు రోల్స్ దానితోనే తీయమనండి.

పాఠంలో చదివిందే

వెలుతురుకు సిల్వర్ బ్రోమైడ్ విడిపోతుందని పిల్లలు టెన్త్‌లో చదువుతారు. ఫిల్మ్ మీద ఉండేవి అలాంటి వెండి లవణాల స్ఫటికాలే. వెలుతురు సోకిన స్ఫటికాలను డెవలపర్ నల్లని వెండిగా మారుస్తుంది. అంటే అది క్షయకరణి. మిగిలిన లవణాన్ని ఫిక్సర్ కరిగించి తీసేస్తుంది.

ఏ జత బాగుంటుంది?

మొదటిసారికి ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనువైనది. దాని స్పీడు 400 కాబట్టి వరండాలోనూ, సాయంత్రం వెలుతురులోనూ పనికొస్తుంది. అదే కంపెనీ ఎఫ్‌పీ4 ప్లస్ స్పీడు 125. బొమ్మ మరింత నునుపుగా వస్తుంది కానీ వెలుతురు ఎక్కువ కావాలి.

డెవలపర్‌గా ఐడీ-11 తీసుకోవచ్చు. కొడాక్ డీ-76 కూడా దాదాపు అలాగే పనిచేస్తుంది. 1891 నుంచి ఉన్న రోడినాల్‌లో కడిగితే అంచులు పదునుగా వస్తాయి, కానీ 400 ఫిల్మ్‌లో గ్రెయిన్ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కొందరికి అదే ఇష్టం. ఏది ఎంచుకున్నా మీకు ఎప్పుడూ దొరికేదేనా అని ముందు చూసుకోండి.

కడిగేటప్పుడు

• హెచ్‌పీ5 ప్లస్‌కు ఐడీ-11ను సమాన భాగం నీటితో కలిపితే, 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు పడుతుంది. అలా కలిపిన ద్రావణం ఒక్కసారికే.
• మన వేసవిలో కుళాయి నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి. డెవలపర్ సీసాను ఐసు నీళ్ల బకెట్‌లో ఉంచి, థర్మామీటరు చూశాకే మొదలుపెట్టించండి.
• చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. ఐడీ-11, డీ-76లలో ఉండే మెటాల్ కొందరి చర్మానికి పడదు.
• వంటగిన్నెలు, కూల్‌డ్రింక్ సీసాలు వాడనివ్వకండి. ప్రతి సీసాకూ పేరు, తేదీ రాసిన లేబుల్ ఉండాలి. పని పూర్తయ్యేదాకా పెద్దవాళ్లు ఒకరు పక్కనే ఉండండి.
• వాడేసిన ఫిక్సర్‌లో వెండి కరిగి ఉంటుంది. సింకులో పోయకుండా విడి క్యానులో దాచి, తీసుకునే ఫొటో ల్యాబ్‌కు ఇవ్వండి.

నోట్‌బుక్ ఎందుకు?

వేపచెట్టు నీడలో తెల్ల పంచెతో కూర్చున్న తాతయ్యను తీశారనుకోండి. నెగెటివ్‌లో చెట్టు మాను ఉన్నచోట ఏ వివరమూ లేకుండా ఖాళీగా ఉంటే, వెలుతురు చాలలేదని అర్థం. తర్వాతి రోల్‌కు కెమెరాలో స్పీడు 400 బదులు 200 పెట్టాలి. మాను బాగానే వచ్చి, పంచె మడతలు కనిపించనంత నల్లగా ఉంటే, కడిగే సమయం కొంచెం తగ్గించాలి. నీడల సంగతి ఎక్స్‌పోజర్ చూసుకుంటుంది, వెలుగుల సంగతి డెవలప్‌మెంట్ చూసుకుంటుంది.

ఫిల్మ్, డెవలపర్, సమయం మూడూ ఒకేసారి మారిస్తే బొమ్మ ఎందుకు బాగుపడిందో, ఎందుకు చెడిందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఒక్కో రోల్‌కు ఒక్క మార్పే చేసి, వెలుతురు, ఉష్ణోగ్రత, నిమిషాలు, ఫలితం రాసుకోమనండి. నాలుగు రోల్స్ అయ్యాక ఇంకో జత ప్రయత్నించినా, పోల్చి చూడటానికి చేతిలో ఆధారం ఉంటుంది. అప్పుడు ‘ఇది నా ఫిల్మ్’ అన్న మాటకు కారణం కూడా చెప్పగలరు.

ఈ పద్ధతి మనకూ అవసరమే. ఒక టెస్టులో మార్కులు తగ్గగానే ట్యూషన్, గైడు, టైమ్‌టేబుల్ అన్నీ ఒకేసారి మార్చేస్తాం. తర్వాతి టెస్టులో మార్కులు పెరిగినా, తగ్గినా కారణం మనకు అంతుపట్టదు. పిల్లలకు ఏది పనిచేస్తుందో తెలియాలంటే ఒక్కటి మార్చి, కొన్నాళ్లు ఆగి చూడాలి.

ఈ సెలవుల్లో ఒక రోల్, ఒక నోట్‌బుక్‌తో మొదలుపెట్టించండి. నెగెటివ్ ఆరాక కిటికీ వెలుతురులో పట్టుకుని, ‘ఇందులో నువ్వేం మార్చావు?’ అని అడగండి.