రాయి విసిరినవాడే మోయాలి

ఈ వారం మన పాఠం తిరుప్పాణాళ్వార్ కథ. చాలామందికి తెలిసిందే. కానీ ఇందులో మనం గబగబా దాటేసే ఒక పాయింట్ ఉంది, అక్కడ కాస్త ఆగుదాం.

పన్నెండుమంది ఆళ్వార్లలో ఈయన ఒకరు. పాణర్ కులం, పాటే జీవనం. అంటరానివాడని దూరం పెట్టారు. శ్రీరంగం రెండు నదుల మధ్య ఉన్న దీవి. ఆ నేల మీద అడుగు పెట్టకుండా, కావేరి అవతలి ఒడ్డునే నిలబడి రంగనాథుణ్ణి పాడుకునేవారు.

ఒకరోజు అభిషేకం నీళ్ల కోసం లోకసారంగముని వచ్చారు. పక్కకి తప్పుకోమన్నారు. పాటలో మునిగిపోయిన ఈయనకి వినపడలేదు. ముని రాయి విసిరారు, ఈయన నుదుట రక్తం కారింది. ముని గుడికెళ్లి చూస్తే స్వామి నుదుట కూడా రక్తం! ఆ రాత్రి స్వామి ఆజ్ఞ: "అతన్ని నీ భుజాల మీద మోసుకురా."

ఇదీ పాయింట్. స్వామి పాణర్‌ని "నువ్వు మారి రా" అనలేదు. మారాల్సింది, వంగాల్సింది రాయి విసిరినవాడు. అందుకే ఆళ్వార్‌కి మునివాహనుడు అనే పేరు వచ్చింది. గర్భగుడిలో ఆయన స్వామిని పాదాల నుంచి కళ్ల దాకా చూస్తూ పాడిన పది పాశురాలే 'అమలనాదిపిరాన్'. దానికి వేదాంత దేశికులంతటి ఆచార్యులు 'మునివాహన భోగం' అని వ్యాఖ్యానం రాశారు.

ఇది పాతకథేలే అనుకోకండి. 2018 ఏప్రిల్ 16న హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి ఒక దళిత భక్తుణ్ణి చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు రంగరాజన్ గారు తన భుజాల మీద మోసుకెళ్లారు. కథని చేసి చూపించారు.

మరి మన సంగతి? ఫ్లాట్ అద్దెకిచ్చే ముందు "మీరేవిట్లు?" అని అడగడం, పనిమనిషికి వేరే గ్లాసు పెట్టడం... ఇవీ రాళ్లే కదండీ. రక్తం కనిపించదు, అంతే. ఒక్కరోజు భుజాన మోస్తే ఇవన్నీ పోవు. రోజూ కొంచెం వంగాలి.

ఈ వారం సాధన: ఇంట్లో ఆ వేరే గ్లాసు ఉంటే తీసేయండి. పెద్దవాళ్లు ఎందుకని అడిగితే కోప్పడకండి. కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి. స్వామి నుదుటి దగ్గరికి వచ్చాక ఒక్క నిమిషం ఆగండి.

జై శ్రీమన్నారాయణ!